సమర్థుడు, విశ్వసనీయుడు

డిగ్రీ ఫలితాలు వెలువడిన కొద్ది నెలలకు మన ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. చదువు పూర్తయింది, మార్కుల మెమో చేతికి వచ్చింది, మరి ఉద్యోగం ఎందుకు రావడం లేదు? తండ్రి ఈ ప్రశ్నను పైకి అడుగుతాడు. తల్లి రాత్రి నమాజు తరువాత దుఆలో అడుగుతుంది. కుమారుడు ఎవరినీ అడగలేక, బంధువులు వచ్చిన రోజున ఇంట్లో లేకుండా తప్పుకుంటాడు. హాలియా కావచ్చు, మిర్యాలగూడ కావచ్చు, కోదాడ, సూర్యాపేటలు కావచ్చు, ఈ బాధ తెలియని ఇల్లు అరుదు.

ఈ నెల ఈ ప్రశ్నను రెండవ వైపు నుండి పరిశీలించదలచాము. కొలువు కోరేవాని సంగతి కాసేపు పక్కన పెట్టి, కొలువు ఇచ్చేవాని స్థానంలో కూర్చుని చూద్దాం. తన దుకాణం తాళాలను, తన మిల్లు లెక్కలను, తన కర్మాగారంలోని యంత్రాన్ని ఒక కొత్త మనిషికి అప్పగించే ముందు యజమాని మనసులో ఏముంటుంది? అతడు ఏమి వెతుకుతాడు? దేనికి భయపడతాడు?

ఈ ప్రశ్నకు జవాబు మనకు కొత్తది కాదు. మన ఇళ్లలో అరమర మీద భద్రంగా ఉన్న గ్రంథంలోనే అది ఉంది.

మద్యన్ బావి వద్ద

దివ్య ఖుర్ఆన్ 28వ సూరా 'అల్ ఖసస్'లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం వస్తుంది. ఆయన ఈజిప్టు విడిచి, ప్రాణభయంతో మద్యన్ చేరుకున్నారు. ఊరు కొత్త. తెలిసినవారు లేరు. చేతిలో పైసా లేదు. బావి వద్ద పశువుల కాపరులు గుమికూడి తమ మందలకు నీళ్లు తాపుతుంటే, ఇద్దరు యువతులు తమ గొర్రెలను అదుపు చేస్తూ దూరంగా నిలబడి ఉన్నారు. మూసా (అలై) వారిని అడిగి, సంగతి తెలుసుకుని, వారి మందకు నీళ్లు తాపారు. ప్రతిఫలం అడగలేదు. నీడకు వెళ్లి కూర్చుని, ప్రభువు ప్రసాదించే ఏ మేలుకైనా తాను అవసరపరుడనని వేడుకున్నారు.

ఆ తరువాత ఆ యువతుల తండ్రి నుండి పిలుపు వచ్చింది. వారిలో ఒకామె తండ్రికి ఒక సలహా ఇచ్చింది. ఈయనను పనిలో పెట్టుకోమని, పనిలో పెట్టుకోదగినవారిలో శ్రేష్ఠుడు బలమూ నమ్మకమూ రెండూ ఉన్నవాడని చెప్పింది. ఖుర్ఆన్ ఆ సలహాను ప్రళయదినం వరకు భద్రపరచింది. ఆమె వాడిన రెండు మాటలు 'ఖవియ్', 'అమీన్'. అంటే సమర్థుడు, విశ్వసనీయుడు.

నేటి సంస్థలు ఉద్యోగ ప్రకటనలలో ఎన్ని అర్హతలు రాసినా, వాటిని విడదీసి చూస్తే ఈ రెండు కుప్పలలో ఏదో ఒకదానిలో పడతాయి. విద్యార్హత, అనుభవం, కంప్యూటరు పరిజ్ఞానం, భాష సామర్థ్యానికి చెందినవి. నిజాయితీ, సమయపాలన, నలుగురితో కలిసి పనిచేయడం, బాధ్యత స్వీకరించడం నమ్మకానికి చెందినవి. మన పిల్లలు మొదటి కుప్ప కోసం పదిహేను సంవత్సరాలు బడికి వెళతారు. రెండవ కుప్పకు పాఠ్యపుస్తకం లేదు. అది ఇంట్లోనే తయారు కావాలి.

మరొక సంగతి కూడా ఇక్కడ గమనించాలి. మూసా (అలై) తన బలాన్ని గురించి చెప్పుకోలేదు. ఆమె చూసింది. చేసిన పని సాక్ష్యం పలికింది. యజమాని మన మాటకన్నా మన పనిని చూసినవాని మాటను ఎక్కువగా నమ్ముతాడు. అందుకే ఇంట్లో ఖాళీగా కూర్చుని పెద్ద కొలువు కోసం ఎదురుచూసే యువకునికన్నా, చిన్న పనిలో చేరి దానిని శ్రద్ధగా చేసే యువకునికి తరువాతి అవకాశం త్వరగా దొరుకుతుంది.

మన ప్రాంతంలోని కొలువులు

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుండి ఈ ప్రాంత జీవనం మారింది. ఎడమ కాలువ కింద వరి పెరిగింది. వరి వెంట రైసు మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ వాటికి పేరుపొందింది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం నిర్మాణమైంది. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు, విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నందున రవాణా, వాహనాల మరమ్మతు, హోటళ్లు, ఆసుపత్రులు విస్తరించాయి. హాలియాలో ఎరువులు, విత్తనాలు, ట్రాక్టరు విడిభాగాల వ్యాపారం రైతును నమ్ముకుని సాగుతోంది.

ఇక్కడ అవసరమయ్యేవారు ఎవరు? మిల్లులో మోటారు ఆగిపోతే బాగుచేయగల ఎలక్ట్రీషియన్ కావాలి. బియ్యంలో రంగు మారిన గింజను వేరుచేసే సార్టెక్స్ యంత్రాన్ని నడపగల ఆపరేటర్ కావాలి. జీఎస్టీ బిల్లులు తప్పు లేకుండా వేయగల గుమాస్తా కావాలి. ఎరువుల దుకాణంలో రైతుకు ఓపికగా మోతాదు చెప్పగలవాడు కావాలి. ఆసుపత్రిలో నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ కావాలి. ఈ పనులలో దేనికైనా డిగ్రీ పట్టా ఒక్కటే చాలదు. పని చేతికి వచ్చి ఉండాలి.

అందుకే సామర్థ్యం విషయంలో మేము తల్లిదండ్రులకు చెప్పదలచిన మొదటి మాట ఇది. పిల్లవానికి పది విషయాలు పైపైన తెలియడంకన్నా ఒక్క విషయం లోతుగా రావడం మేలు. పదవ తరగతి తరువాత ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులను చిన్నచూపు చూడవద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం కర్మాగారాలలో శిక్షణ పొందే అభ్యర్థికి స్టైపెండ్ కూడా లభిస్తుంది. డిగ్రీ చదివినవారికి తెలంగాణ ప్రభుత్వపు 'టాస్క్' సంస్థ నైపుణ్య శిక్షణ ఇస్తుంది. గల్ఫ్ దేశాలకు వెళ్లదలచినవారు ఏజెంటు తీపి మాటలు నమ్మి అప్పుచేసే ముందు, ప్రభుత్వ సంస్థ 'టామ్‌కామ్'ను సంప్రదించడం క్షేమం. పదవ తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి నిబంధన వర్తించదు. కాబట్టి గల్ఫ్ వెళ్లడమే లక్ష్యమైన ఇంట్లో సైతం పదవ తరగతిని మధ్యలో వదలనివ్వకూడదు.

మన పిల్లల చేతిలో తాము గుర్తించని ఒక ఆస్తి కూడా ఉంది. అది భాష. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, దానితోపాటు హిందీ అర్థం చేసుకునే శక్తి మన ప్రాంతపు ముస్లిం బాలబాలికలకు సహజంగా అబ్బుతుంది. తెలంగాణ రైసు మిల్లులలో బీహారు నుండి వచ్చిన హమాలీలు పనిచేస్తారు. రైతు తెలుగు మాట్లాడతాడు, హమాలీ హిందీ మాట్లాడతాడు. ఇద్దరి మధ్య నిలబడి పని సాగించగల సూపర్‌వైజరు యజమానికి విలువైన మనిషి. అయితే నాలుకపై ఉన్న తెలుగు కాగితం మీదికి కూడా రావాలి. తప్పులు లేకుండా ఒక దరఖాస్తును తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాయలేనివాడు తన ఆస్తిని పాతిపెట్టుకున్నవాడే.

తడిసిన గింజలు ఎక్కడ ఉంచాలి?

ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లిన ప్రతి రైతుకూ తేమ కొలిచే యంత్రం తెలుసు. తేమ 17 శాతం మించితే ధాన్యాన్ని మళ్లీ ఆరబెట్టుకు రమ్మంటారు. కుప్ప పైభాగం ఎండలో మెరుస్తున్నా, లోపల చేయి పెడితే నిజం తెలుస్తుంది.

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు కుప్పలోకి చేయి పోనిచ్చారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాంటప్పుడు ఆ తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. మోసగించేవానితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనం వ్యాపారానికి మాత్రమే అన్వయించుకుంటున్నాం. ఉద్యోగార్థి బయోడేటా కూడా ఒక ధాన్యపు కుప్పే.

అక్కడ మనం ఏమి చేస్తున్నాం? రెండు రోజులు చూసిన ఎక్సెల్‌ను వచ్చినట్లు రాస్తాం. ఖాళీగా గడిపిన సంవత్సరాన్ని ఎక్కడో పనిచేసినట్లు చూపుతాం. కొందరు డబ్బిచ్చి అనుభవ ధ్రువపత్రాలు కొనే స్థాయికి కూడా దిగజారుతున్నారు. పెద్ద సంస్థలు నియామకం తరువాత సైతం ఈ పత్రాలను విచారిస్తాయి. అబద్ధం బయటపడిన రోజున ఉద్యోగంతోపాటు పేరు కూడా పోతుంది. ఎవరూ విచారించకపోయినా, అబద్ధంతో సంపాదించిన కొలువు నెలనెలా ఇంటికి తెచ్చే జీతం గురించి విశ్వాసి తన మనసుకు ఏమి సమాధానం చెప్పుకుంటాడు?

తడిసిన గింజలను పైన ఉంచడం కష్టమేమీ కాదు. టాలీలో బిల్లులు వేయడం వచ్చు, జీఎస్టీ రిటర్ను దాఖలు చేయడం ఇంకా నేర్చుకోవాలి అని చెప్పవచ్చు. రెండవ సంవత్సరంలో ఒక పేపరు తప్పాను, మరుసటి పరీక్షలో పూర్తిచేశాను అని చెప్పవచ్చు. తనకు రానిదేదో తెలిసినవానికి పని నేర్పడం సులువని అనుభవం గల యజమానికి తెలుసు. అన్నీ వచ్చునని చెప్పినవానిని చూసి అతడు జంకుతాడు.

అయితే నిజం చెప్పడమంటే తనను తాను తక్కువ చేసుకోవడం కాదు. మన పిల్లలలో చాలామంది ఇంటర్వ్యూలో తమకు వచ్చినదాన్ని కూడా చెప్పరు. గొప్పలు చెప్పుకోవడం తప్పని పెద్దలు నేర్పిన మాట వారిని మూగవారిని చేస్తుంది. హజ్రత్ యూసుఫ్ (అలై) ఉదంతం ఈ సందేహాన్ని తీరుస్తుంది. రాజు పిలిచినప్పుడు ఆయన వెంటనే చెరసాల విడిచి రాలేదు. తనపై పడిన నిందను విచారించమని ముందుగా కోరారు. నిర్దోషిత్వం రుజువైన తరువాతనే రాజు ఎదుట నిలిచి, దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని, తాను కాపాడగలవాడినని, ఆ పని ఎరిగినవాడినని చెప్పారు. అవసరమైన చోట ఉన్న అర్హతను ఉన్నంత మేరకు చెప్పడం అహంకారం కాదు. లేనిదాన్ని చెప్పడం అబద్ధం. ఉన్నదాన్ని దాచడం అణకువ అనిపించుకోదు.

మూడవ రోజు ఉదయం

హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) ఒక దారి చూపేవానిని కూలికి మాట్లాడుకున్నారు. అతని పేరు అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. అప్పటికి అతడు ముస్లిం కాడు, ఖురైషుల మతంలోనే ఉన్నాడు. అయితే ఎడారి దారులలో నిపుణుడు, మాట మీద నిలిచేవాడు. శత్రువులు వెతుకుతున్న వేళ ఆ మహనీయులు తమ రెండు ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు రమ్మని చెప్పారు. మూడవ రాత్రి గడిచిన ఉదయం అతడు ఒంటెలతో అక్కడ హాజరయ్యాడు.

ఈ ఉదంతంలో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది యజమానులకు. ప్రాణాలకే ముప్పు ఉన్న సమయంలో ప్రవక్త (స) పనికి మనిషిని ఎన్నుకున్నప్పుడు సమర్థతను, నమ్మకాన్ని చూశారు. వంశాన్ని, మతాన్ని చూడలేదు. మన సముదాయంలో దుకాణాలు, వర్క్‌షాపులు, పాఠశాలలు నడిపేవారు ఈ సున్నత్‌ను మరువరాదు. పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని కూడా మరువరాదు.

రెండవ పాఠం అభ్యర్థులకు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు, చెప్పిన చోటికి రావడం ఎంత గొప్ప అర్హతో ఆలోచించండి. మరుసటి ఉదయం తొమ్మిదికి రమ్మంటే పదిన్నరకు రావడం, రాలేకపోతే ఫోను చేయకపోవడం, పెళ్లి ఉందని చెప్పి నాలుగు రోజులు మాయమవడం వల్ల కొత్త యువకులు మొదటి నెలలోనే యజమాని నమ్మకాన్ని పోగొట్టుకుంటారు. రోజుకు ఐదుసార్లు వేళ తప్పక నమాజుకు నిలవవలసిన సముదాయానికి సమయం విలువ మరొకరు నేర్పవలసి రావడం విచారకరం.

నమాజు మాట వచ్చింది గనుక ఒక సూచన. శుక్రవారం జుమా నమాజుకు వెళ్లవలసి ఉంటుందని పనిలో చేరేటప్పుడే మర్యాదగా చెప్పండి. ఆ సమయాన్ని సాయంత్రం పూడుస్తానని మీరే ముందుగా ప్రతిపాదించండి. తరువాత ఆ మాట నిలబెట్టుకోండి. నమాజు పేరుతో వెళ్లి టీకొట్టు వద్ద అరగంట గడిపినవాడు తన తరువాత వచ్చే పదిమంది ముస్లిం యువకుల దారి మూసివేస్తున్నాడు. తూనికలలో తగ్గించి ఇచ్చేవారి గురించి 'అల్ ముతఫ్ఫిఫీన్' సూరాలో కఠినమైన హెచ్చరిక ఉంది. జీతం పూర్తిగా తీసుకుని పని తక్కువ చేసేవాడు తానూ ఆ త్రాసులోనే నిలబడి ఉన్నానని గ్రహించాలి.

పేరు చూసి తలుపు మూస్తే

ఇంత చెప్పిన తరువాత ఒక చేదు నిజాన్ని దాటవేయడం న్యాయం కాదు. సామర్థ్యమూ నిజాయితీ ఉండి కూడా, పేరు చూసి పక్కన పెట్టబడ్డామని బాధపడే యువతీయువకులు మన మధ్య ఉన్నారు. అలా చేయడం అన్యాయం. ప్రభుత్వ ఉద్యోగాలలో మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణంలో స్పష్టంగా చెప్పింది. ప్రైవేటు రంగంలో ఆ రక్షణ అంత బలంగా లేదు. దీని గురించి గళమెత్తవలసిన చోట సముదాయం గళమెత్తాలి.

కాని ప్రతి వైఫల్యానికీ అదే కారణమని పిల్లవానికి నూరిపోయడం అతని కాళ్లను అతని చేతులతోనే కట్టివేయడం అవుతుంది. ఒక తలుపు మూసుకుంటే మరొకటి తట్టే ధైర్యాన్ని ఇంట్లోవారు ఇవ్వాలి. మక్కావాసులు ప్రవక్త (స) సందేశాన్ని తిరస్కరించారు. అయినా తమ విలువైన వస్తువులను ఆయన వద్దనే దాచుకున్నారు. నమ్మకానికి ఉన్న బలం అంతటిది.

ఆడపిల్లల మాట

2016లో ప్రారంభమైన తెలంగాణ మైనారిటీ గురుకుల విద్యాలయాలు నేడు రెండు వందలు దాటాయి. బాలికలకు ప్రత్యేకంగా బడులు ఉన్నాయి. అక్కడ చదివి వచ్చిన అమ్మాయి క్రమశిక్షణ, మాటతీరు చూసి తల్లి మురిసిపోతుంది. ఆ తరువాత చదువు పెట్టెలోకి, అమ్మాయి వంటింట్లోకి వెళ్లిపోవడం మాత్రం మనల్ని ఆలోచింపజేయాలి. మద్యన్‌లో నియామకం గురించి సరైన సలహా ఇచ్చినది ఒక యువతి. మక్కాలో ముహమ్మద్ (స) సత్యసంధత తెలుసుకుని తన వ్యాపార సరుకును ఆయనకు అప్పగించినది హజ్రత్ ఖదీజా (రజి). ఆమె స్వయంగా యజమాని. హద్దులు పాటిస్తూ బోధన, వైద్యసేవ, అకౌంట్సు, కుట్టుపని వంటి రంగాలలో మన ఆడపిల్లలు రాణించగలరు. భద్రత గురించి తల్లిదండ్రుల ఆందోళన సహజమే. పనిచేసే చోటును స్వయంగా చూసి రండి, రాకపోకల ఏర్పాటు అడిగి తెలుసుకోండి, ఆ తరువాత నిర్ణయించండి. చూడకుండానే వద్దనడం అమ్మాయికి న్యాయం చేయడం కాదు.

ఇల్లే మొదటి కార్యాలయం

నమ్మకం ఇంటర్వ్యూ రోజున పుట్టుకురాదు. పదేళ్ల పిల్లవానిని సరుకులకు పంపినప్పుడు మిగిలిన చిల్లర లెక్క అడగండి. తెచ్చి ఇచ్చినప్పుడు మెచ్చుకోండి. గాజు గ్లాసు పగిలిందని తానే వచ్చి చెప్పిన బిడ్డను కొట్టకండి. కొట్టిన ఇంట్లో అబద్ధం పుడుతుంది. ఇంటికి ఫోను వస్తే 'అబ్బా లేరని చెప్పు' అని బిడ్డతో అనిపించకండి. ఆ ఒక్క మాటతో అమానత్ గురించి చేసిన వంద బోధలు తుడిచిపెట్టుకుపోతాయి. ఇంటర్ చదివే కుమారునికి నెలకు ఒకసారి కరెంటు బిల్లు కట్టే బాధ్యత, కుమార్తెకు ఇంటి ఖర్చుల పద్దు రాసే బాధ్యత అప్పగించండి. పద్దు తప్పితే కలిసి కూర్చుని సరిచేయండి.

మసీదు కమిటీలు కూడా ఇందులో చేయగలిగింది ఉంది. ఆదివారం జుహర్ నమాజు తరువాత ఒక గంట కేటాయించి, ఊరిలోని ఉపాధ్యాయులను, బ్యాంకు ఉద్యోగులను, అనుభవజ్ఞులైన మెకానిక్కులను, అన్ని మతాల వ్యాపారులను పిలిచి యువకులతో మాట్లాడించవచ్చు. బయోడేటా ఎలా రాయాలో, యజమాని ఎదుట ఎలా మాట్లాడాలో అభ్యాసం చేయించవచ్చు. ఖర్చు టీ, బిస్కట్లకు మించదు.

నిరుద్యోగ యువకులారా, ఒక్క మాట. మూసా (అలై) ముందు పని చేసి, తరువాత నీడకు వెళ్లి దుఆ చేశారు. ఆ తరువాతనే పిలుపు వచ్చింది. ఆ వరుసను తలకిందులు చేయకండి. ఈ వారమే ఒక పనిని ఎంచుకోండి. దానిని నేర్పగల మనిషి దగ్గరకు వెళ్లండి. జీతం తక్కువైనా నిజాయితీగా చేయండి. చూసేవారు చూస్తారు. ఎవరూ చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక ఉన్నవానికి దిగులు లేదు. అల్లాహ్ మన బిడ్డలను సమర్థులుగా, విశ్వసనీయులుగా తీర్చిదిద్దుగాక, వారి చేతికి హలాల్ ఉపాధిని ప్రసాదించుగాక. ఆమీన్.